పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర తెల్ల గౌను

పరుగు పందెంలో ఉన్న తల్లికి ఇంటి నుంచి వచ్చే ఫోన్‌ని మించిన టానిక్ ఈ లోకంలో లేదు!

నవ్వకండి. ఊరికే అంటున్న మాట కాదు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఈమధ్య పిల్లల తల్లులు తెల్లారకముందే బూట్లు బిగించి రోడ్డెక్కుతున్నారు. ఒకామె పరిగెడుతుంది. ఒకామె సైకిల్ తొక్కుతుంది. ఒకామె సముద్రంలో ఈదుతుంది. నీళ్లు బాగా తాగండి, అరటిపండు తినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి అని డాక్టర్లు వీళ్లకి సలహాలిస్తున్నారు. ఫోన్ సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు. అందుకే నేను కలం పట్టాల్సి వచ్చింది.

మీరే ఆలోచించండి. ఇరవై ఒక్క కిలోమీటర్లు ఒంటరిగా పరిగెత్తితే మనిషికి ఏమవుతుంది? మనసు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన చోటికి ఏవేవో వచ్చి కూర్చుంటాయి. సముద్రం బాగుందనిపిస్తుంది. గాలి చల్లగా ఉందనిపిస్తుంది. చిన్నప్పటి పాట ఒకటి నోటికొస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మనిషికి ఇవన్నీ ఎంత ప్రమాదం! సరిగ్గా అప్పుడే నడుముకి కట్టుకున్న ఫోన్ మోగుతుంది. "జీలకర్ర ఏ డబ్బాలో ఉంది?" అంతే. గాల్లో తేలుతున్న మనిషి వచ్చి వంటింట్లో దిగుతుంది.

ఈ భాగ్యం అందరికీ ఉండదు. ఉత్తరాన ఎక్కడో దూరాన, డిగ్లీపూర్‌లో బుల్లమ్మ అని ఒకామె సైకిల్ తొక్కుతుంది. అటువైపు చాలా దూరం టవర్ అందదు. పాపం, గంటకు పైగా ఎవరికీ అక్కర్లేని మనిషిలా ఆ రోడ్డున పోతూ ఉంటుంది. టవర్ తగలగానే ఇరవై మూడు మెసేజ్‌లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ బరువుకి సైకిల్ కొంచెం పక్కకి ఒరుగుతుందని చూసినవాళ్లు చెప్పారు.

బతు బస్తీ చిట్టితల్లి పరిస్థితి ఇంకా ఘోరం. సముద్రంలో రెండు కిలోమీటర్లు ఈదే పోటీలకి వెళుతుంది. నీళ్లలోకి ఫోన్ తీసుకెళ్లడానికి వీల్లేదు. ఈ లోటు తీర్చినవాడు ఆమె మొగుడు జోగులు. అతనికి వేటకెళ్లే చిన్న పడవ ఉంది, మా దగ్గర డోంగీ అంటాం. ఆ డోంగీ ఆమె పక్కనే నడుపుకుంటూ, "టిఫిన్ డబ్బా మూత ఏదే?" అని అడుగుతాడు. ఊపిరి కోసం తల పైకెత్తినప్పుడల్లా ఆమె ఒక్కో మాట చెబుతుంది. నాలుగుసార్లు తలెత్తితే ఒక జవాబు పూర్తవుతుంది. ఇలాంటి శ్వాస వ్యాయామం ఏ కోచ్ నేర్పగలడు?

ఇవన్నీ చిన్న సాక్ష్యాలు. పెద్ద సాక్ష్యం మా ఊరు సిప్పీఘాట్‌లో ఉంది. ఆమె పేరు లీదియా.

లీదియాకి నలభై రెండేళ్లు. వ్యవసాయ క్షేత్రం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పని. భర్త జీవానందం షిప్పు టికెట్ల కౌంటర్‌లో కూర్చుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ లోపల కూర్చుని జనం అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పే ఉద్యోగం. అందుకని ఇంటికొచ్చాక ప్రశ్నలు అడిగే వంతు తనదని అతని నమ్మకం. కొడుకు లాయిడ్ ప్లస్ టూ. కూతురు టీనా ఐదో క్లాసు. అత్తగారు సువార్తమ్మ. ఐదుగురు మనుషులు, ఒక ఫ్రిజ్, ఒక స్కూటర్.

రెండేళ్ల కిందట డాక్టరమ్మ లీదియా బీపీ చూసి, "మీకంటూ రోజుకి ఒక గంట ఉంచుకోండి" అంది. లీదియా ఆ గంట కోసం ఇల్లంతా వెతికింది. వంటగదిలో లేదు. నర్సరీలో లేదు. సాయంత్రం పిల్లల చదువుల దగ్గర లేదు. చివరికి తెల్లవారుజామున నాలుగున్నరకి, ఎవరూ వాడుకోకుండా పడి ఉన్న గంట ఒకటి కనబడింది. మా దీవుల్లో సూర్యుడు పెందలాడే డ్యూటీ ఎక్కుతాడు కాబట్టి దారి కూడా కనబడింది. బూట్లు కట్టుకుని బయల్దేరింది.

మొదటి రోజే ఊరు అట్టుడికింది.

ఎందుకంటే సునామీ తర్వాత సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి అక్కడే ఉండిపోయాయి. నీళ్ల వెనకే మొసళ్లు వచ్చాయి. అప్పటినుంచి మా దగ్గర మనిషి పరిగెత్తడానికి ఒక్కటే కారణం. చేపలమ్మే యర్రయ్య బుట్ట స్కూటర్‌కి కట్టుకుంటూ, వంతెన మీద లీదియా పరిగెత్తడం చూశాడు. ఇంకేం ఆలోచించలేదు.

"మగర్! మగర్ ఆయా! భాగో రే!"

పది నిమిషాల్లో సగం ఊరు బడి మేడ మీద ఉంది. సువార్తమ్మ బైబిలు పట్టుకుని నీళ్ల ట్యాంకు పక్కన మోకరించింది. వెనక్కి తిరిగి చూసిన లీదియాకి ఊరంతా పరిగెత్తుతూ కనిపించేసరికి, నిజంగానే మొసలి వచ్చిందనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తింది. ఈ రోజుకీ ఒక కిలోమీటరుకి అదే ఆమె బెస్ట్ టైమ్.

"దీదీ, మగర్ ఎటు పోయింది?" అని మేడ మీంచి యర్రయ్య అడిగాడు.

"మగర్ లేదు అన్నా. ఊరికే పరిగెడతన్నాను."

"ఊరికేనా?" యర్రయ్య పిట్టగోడ మీంచి వంగాడు. గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏదైనా గొడవా?"

ఇక పోయిన ఏడాది పందెం సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దున ఐదింటికి మొదలవుతుంది. సముద్రం పక్క రోడ్డున కార్బిన్స్ కోవ్ దాటి వెళ్లి మళ్లీ రావాలి. ఇరవై ఒక్క కిలోమీటర్లకి మూడు గంటల గడువు. మూడు గంటల లోపు వచ్చినవాళ్లకి మెడల్ ఇస్తారు, పేరు బోర్డు మీద పెడతారు. తర్వాత వచ్చినవాళ్లకి చప్పట్లు కొడతారు.

లీదియా మూడు గంటల రెండు నిమిషాలకి వచ్చింది.

ఆ దారిలో ఆమెకి ఇంటి నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. నాలుగో కిలోమీటరు దగ్గర పంచదార. ఏడో కిలోమీటరు దగ్గర లాయిడ్ సాక్సులు. పన్నెండు దగ్గర సువార్తమ్మ కళ్లజోడు. పదిహేడో కిలోమీటరు దగ్గర గ్యాస్ రెగ్యులేటర్ ఎటు తిప్పాలో ఆగి మరీ చెప్పింది. ఆగకుండా చెప్పే విషయమా అది? ఇల్లు తగలబడిపోదూ?

ఒక్క విషయం మాత్రం ఇక్కడ రాసి తీరాలి. ఆ పదకొండు ఫోన్లలో ఒక్కటి కూడా "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడగలేదు. పరిగెత్తే మనిషిని అనవసరమైన ప్రశ్నలతో విసిగించకూడదన్న సంస్కారం ఆ ఇంట్లో ఉంది.

జీవానందానికి మాత్రం కాస్త నొప్పి కలిగింది. "అడిగినదానికి తిన్నగా చెప్పదమ్మా. హుఁ, హుఁ అంటాది. మొగుడంటే లెక్కలేదు" అని తల్లితో అన్నాడు. లీదియా విన్నది. ఉప్పు పేరుకున్న టీ షర్టు నీళ్లలో నానబెట్టి అన్నం వండింది.

కానీ ఆ రెండు నిమిషాలు ఆమెని వదల్లేదు. ఏడాదంతా అంటు కడుతున్నా, అంట్లు తోముతున్నా ఆ బోర్డే కళ్లముందు. ఆ బోర్డు మీద ఎవరి భార్య, ఎవరి మమ్మీ, ఎవరి కోడలు అని ఉండదు. పేరు, టైము. అంతే. ఈసారి ఆ బోర్డు మీద లీదియా అని ఉండాలి. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఏదో ఒక ప్రశ్న వస్తుంది.

ఈ ఏడాది పందెం ఆదివారం పడింది. అదే రోజు తొమ్మిదిన్నరకి చర్చిలో తెలుగు ఆరాధనప్పుడు సండే స్కూలు పిల్లల పాట. టీనా తెల్ల గౌను వేసుకుని ముందు వరసలో నిలబడాలి. లీదియా శనివారమే పిండి రుబ్బింది, కూర వండింది, గౌను ఇస్త్రీ చేసింది. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని, పోయిన ఏడాది పదకొండు ప్రశ్నలకీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో పదకొండు జవాబులు రాసింది. కొత్తగా పుట్టబోయే ప్రశ్నలకి ఇంకో నాలుగు లైన్లు చేర్చి ఫ్రిజ్‌కి అంటించింది. మనిషి తెలివైనదే. అక్కడే పప్పులో కాలేసింది.

ఆ ఫ్రిజ్ మీద ఎప్పుడూ చర్చి స్త్రీల సమాజం వారి ప్రార్థన విన్నపాల కాగితం ఉంటుంది. ఎవరికి ఆపరేషన్, ఎవరి అబ్బాయికి ఉద్యోగం, ఎవరి అమ్మాయికి సంబంధం కుదరాలి, ఇవన్నీ వరసగా ఉంటాయి. ఫ్రిజ్ మీద తెలుగు కాగితం కనబడితే అది విన్నపాల కాగితమే. పిల్లలిద్దరికీ తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. జీవానందానికి చదవడం వచ్చు. కానీ విన్నపాలు చదవడం ఆడవాళ్ల డిపార్ట్‌మెంటు. సువార్తమ్మకి చూపు ఆనదు, భక్తి ఆనుతుంది. ఆదివారం పొద్దున ఆమె ఆ కాగితం మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఇందులో ఉన్న అక్కరలన్నీ తీర్చు తండ్రీ" అని ప్రార్థించి ఆమెన్ చెప్పి వెళ్లింది.

పంచదార, రెగ్యులేటర్, తెల్ల గౌను. అక్కరలన్నీ అందులోనే ఉన్నాయి.

ఆరుంబావుకి జీవానందం టీ పెట్టుకున్నాడు. పంచదార కనబడలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. భార్య నంబరు నొక్కాడు.

వంటింట్లోనే ఎక్కడో చర్చి గంట మోగింది. అది లీదియా రింగ్‌టోన్. జీవానందం ఆపాడు, గంట ఆగింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ మోగింది. లాయిడ్ లేచి వచ్చాడు. టీనా స్టూలెక్కింది. పై అరలో నీలం మూత డబ్బా సన్నగా వణుకుతోంది. మూత తీస్తే, షిప్పు ప్రయాణంలో చుట్టినట్టు పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోన్ పంచదార మీద పడుకుని మోగుతోంది.

చూశారా! ఫోన్ చెయ్యబట్టి కదా పంచదార దొరికింది? ఇంకా ఫోన్ వల్ల ప్రయోజనం లేదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

"పప్పా, మమ్మీ ఫోన్ ఇధరే ఉంది" అన్నాడు లాయిడ్.

"కనబడతాంది రా."

"మరి మమ్మీకి కాల్ కైసే చేస్తాం?"

జీవానందం ఆ చేతిలో ఒక ఫోన్, ఈ చేతిలో ఒక ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లాం ఏ ఫోన్‌లోనూ లేదు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

అప్పుడే టీనా రెండో పిడుగు వేసింది. "పప్పా, నా వైట్ గౌను ఏది?"

మంచాల మీద దుప్పట్లు లేచాయి. బీరువాలోంచి క్రిస్మస్ బట్టలు, ఈస్టర్ బట్టలు, జీవానందం పెళ్లి కోటు బయటికొచ్చాయి. గౌను రాలేదు. "ఆదివారం పూట పరుగులేటని అప్పుడే మొత్తుకున్నాను, ఎవడైనా విన్నాడా" అంది సువార్తమ్మ. జీవానందానికి పౌరుషం వచ్చింది. చొక్కా తగిలించుకుని, రబ్బరు చెప్పులేసుకుని, స్కూటర్ తీశాడు.

ఇంటి మనిషే స్వయంగా పందెం దారికి వెళ్లడం వైద్యంలో పై మెట్టు. జ్వరం మాత్రతో తగ్గకపోతే ఇంజెక్షన్ ఇవ్వరూ?

ఏడున్నరకి, పద్దెనిమిదో కిలోమీటరు రాయి దగ్గర ఆమె కనబడింది. పసుపు టీ షర్టు, వీపు మీద రెండొందల పద్నాలుగు నంబరు. ఇంకా అరగంట ఉంది, మూడు కిలోమీటర్లు ఉన్నాయి. ఆగకుండా పోతే బోర్డెక్కుతుంది. కుడి పక్కన సముద్రం వెలుగుతోంది. లీదియా పరిగెడుతూ ఏదో పాడుకుంటోంది. జీవానందానికి ఆ పాట తెలీదు. స్కూటర్ పక్కకి తెచ్చి చూశాడు. ఆ ముఖం కూడా అంతగా పరిచయం లేనట్టే ఉంది.

హారన్ కొట్టాడు. పాట ఆగింది.

"లీదియా! ఆగు! ఫోన్ పంచదారలో పెట్టీసి వచ్చీసేవేటి?"

లీదియా ఆగలేదు. తల తిప్పలేదు. జీవానందం నాలుగు నిమిషాల పాటు హారన్ కొట్టుకుంటూ పక్కనే నడిపాడు. "ఒక్క నిమిషం ఆగితే నీ కొంపేం మునిగిపోదు" అన్నాడు. అంతలో విజిల్ ఊదుకుంటూ ఒక వాలంటీర్ అడ్డమొచ్చాడు. "అంకుల్, గాడీ అలౌడ్ నహీ హై! సైడ్‌లో పెట్టండి!"

జీవానందం స్కూటర్ స్టాండ్ వేశాడు. అప్పటికే ఆమె యాభై గజాల ముందుంది. ఏం చేస్తాడు? పరిగెత్తాడు.

రబ్బరు చెప్పులతో పరిగెత్తడం ఒక విద్య. ఎలాగో ఆమెని అందుకున్నాడు. "ఆగవే!"

"ఆగితే కాలు పట్టేస్తాదండి. పరిగెడతా అడగండి."

"టీనా... తె..."

"ఊఁ?"

"తెల్ల... హుఁ..."

"తిన్నగా చెప్పండి. హుఁ, హుఁ అంటే నాకేం అర్థమవుద్ది?"

అతనికి ఇంకో మాట రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మాట కావాలంటే ముందు గాలి కావాలని, ఆ గాలి దొరకడం చాలా కష్టమని మొదటిసారి తెలిసింది. మూడు నిమిషాలు పరిగెత్తాడు పాపం, ప్రశ్న సగానికి కూడా రాలేదు.

ఆ మలుపులోనే ఆదివారం చేపలమ్ముకుంటున్న యర్రయ్య తలెత్తి చూశాడు. దీదీ పరిగెత్తడం అతనికి అలవాటే. కానీ జీవానందం భయ్యా? ఫెర్రీ కదిలిపోతున్నా నడిచి వెళ్లే మనిషి! యర్రయ్య బుట్ట వదిలేశాడు.

"మగర్! మగర్ ఆయా! భాగో!"

ఒడ్డున నిలబడి చప్పట్లు కొడుతున్న జనం రోడ్డు మీదికి ఉరికారు. నీళ్ల టేబుల్ తిరగబడింది. కొబ్బరి బోండాలమ్మే మనిషి బండి ఎక్కి నిలబడ్డాడు. జీవానందం కుడి చెప్పు తెగిపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని రోడ్డంచున కూలబడ్డాడు. లీదియా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ముందుకి తిరిగి, రెండేళ్ల కిందట మొసలి లేకుండా పరిగెత్తినట్టే మళ్లీ పరిగెత్తింది.

రెండు గంటల యాభై ఆరు నిమిషాలు.

బోర్డు మీద పేరు పెట్టారు. లీదియా, 2:56. అంతే.

జీవానందం స్కూటర్ తెచ్చుకుని, ఒంటి చెప్పుతో అక్కడికి చేరేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. బూట్లు విప్పేసింది. మెడలో మెడల్, చేతిలో అరటిపండు. అతను ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. ఇప్పుడు గాలి ఉంది.

"గౌను..."

"తలుపు వెనక కొక్కేనికుంది. ఫ్రిజ్ మీద కాగితంలో పన్నెండో లైను."

"అది విన్నపాల కాగితం కదా?"

"అవును. నా విన్నపాలు."

జీవానందం లాయిడ్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. తొమ్మిదిన్నర పాటకి టీనా తెల్ల గౌనులోనే నిలబడింది. కాబట్టి ఫోన్ ఇక్కడ కూడా ఉపయోగపడిందని పాఠకులు గమనించాలి.

అంతలో కళ అనే నర్సింగ్ చదివే అమ్మాయి అట్ట మీద ఒక ఫారం పెట్టుకుని వచ్చింది. పరుగు పందాల్లో పాల్గొనే తల్లుల ఆరోగ్యం మీద సర్వేనట. వయసెంత, పిల్లలెంతమంది, నిద్ర ఎన్ని గంటలు, ఇంట్లో వాళ్ల సహకారం ఉందా. ఇంట్లో వాళ్ల సహకారం దగ్గర లీదియా ఒకసారి జీవానందం చేతిలో తెగిన చెప్పు వైపు చూసి, "ఉంది" అని టిక్కు పెట్టింది. ఆఖరి ప్రశ్న, ఇవాళ మీకంటూ దొరికిన విశ్రాంతి ఎంతసేపు?

లీదియా అరటిపండు పూర్తిచేసింది. బోర్డు వైపు చూసింది. స్కూటర్ వైపు చూసి, వేళ్ల మీద నాలుగు, మూడు లెక్కేసుకుని రాసింది. రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాలు.

కళ ఫారం చూసి నవ్వింది. "దీదీ, ఇది రెస్ట్ అడిగింది. మీరు రన్ టైమ్ రాసేశారు. అది కూడా తప్పే, మీది రెండు యాభై ఆరు."

"రెస్టే రాశానమ్మా."

"మరి ఆ ఏడు నిమిషాలు?"

లీదియా అరటి తొక్క తీసుకెళ్లి డబ్బాలో వేసి వచ్చింది. జీవానందం తెగిన చెప్పుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, అందులో ఎక్కడో జవాబు ఉన్నట్టు.

ఆ ఏడు నిమిషాలు ఏమయ్యాయో నాకూ అర్థం కాలేదు. మీ ఇంట్లో పరిగెత్తే తల్లి ఎవరైనా ఉంటే అడిగి తెలుసుకోండి. తొందరేం లేదు, ఆమె ఇంటికొచ్చాక అడగండి.